బతికున్న చేపను పోస్టులో పంపడం ఎలా? అమెరికా తపాలా నియమాలు, కవర్ కట్టే పద్ధతి

నేను పోస్టులో పంపిన మొదటి పార్సిల్‌లో ఆరు గప్పీలు ఉన్నాయి. టెక్సాస్ నుంచి ఒహాయోకి. దారిలో రెండు మూడు రోజులు పస్తుంటాయే పాపం అని, ప్యాక్ చేసే ముందు కడుపు నిండా మేత వేశాను. అందుకున్నాయన కవర్ ఫొటో తీసి పంపాడు. నీళ్లు కుడితిలా తెల్లగా ఉన్నాయి, నాలుగు చేపలు వెల్లకిలా తేలున్నాయి. కైకలూరు దగ్గర చేప సీడ్ వ్యాపారం చేసే మా బాబాయికి ఫోన్ చేసి చెప్పాను. "తిండి పెట్టి కవర్ కట్టావా? పెళ్లి భోజనం చేయించి ఘాట్ రోడ్డు బస్సెక్కించినట్టుంది రా నీ పని!" అన్నాడు.

ఆ తర్వాతే అమెరికా తపాలా శాఖ నియమాల పుస్తకం తెరిచాను. దాని పేరు పబ్లికేషన్ 52. ప్రమాదకరమైనవి, ఆంక్షలున్నవి, పాడైపోయేవి పోస్టులో ఎలా పంపాలో చెప్పే పుస్తకం అది, యూఎస్‌పీఎస్ వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతుంది. అందులో శీతల రక్త జంతువుల గురించి చెప్పిన ముఖ్యమైన మాట ఒక్కటే: చిన్నదై ఉండాలి, హాని చేయనిదై ఉండాలి, దారిలో దానికి తిండి గానీ నీళ్లు గానీ ఎవరి ఆలనా పాలనా గానీ అవసరం రాకూడదు, వాసనా మురికీ బయటికి రాకూడదు. బాబాయి చెప్పిందీ ఇదే. కింద నేను రాసేదంతా ఈ ఒక్క మాటను పాటించడం ఎలాగన్నదే.

ముందు: మీ జంతువు పోస్టెక్కుతుందా?

చేపలు, కప్పలు, బల్లులు తమ ఒంటి వేడిని తామే పుట్టించుకోవు. చుట్టూ ఎంత వేడి ఉంటే అంత. కాస్త చల్లబడితే ఒంట్లో పనులన్నీ నెమ్మదిస్తాయి, మూడు రోజులు తిండి లేకపోయినా నడుస్తుంది. చిట్టెలుకకు అలా కుదరదు. అందుకే వేడి రక్తం ఉన్న పెంపుడు జంతువులను తపాలా శాఖ తీసుకోదు. ఒక్కరోజు వయసున్న కోడిపిల్లలు, కొన్ని రకాల పెద్ద పక్షులు మాత్రం మినహాయింపు.

పంపదగిన వాటిలో కప్పలు, తోకకప్పలు, బల్లులు, ఊసరవెల్లులు, సాలమాండర్లు, జలగలు, వానపాములు, మీల్‌వార్మ్‌లు ఉన్నాయి. అక్వేరియం చేపలు పెంచేవాళ్లు కూడా ఈ నియమం కిందే పంపుతారు. మొదటిసారి చదివినప్పుడు నాకు నవ్వు తెప్పించిన సంగతి, 20 అంగుళాలు దాటని ఎలిగేటర్ పిల్లలు కూడా ఈ జాబితాలో ఉన్నాయి! నేనైతే ఎవరికీ పంపలేదు లెండి.

పంపకూడనివి ఇవి: పాములు ఏవీ కుదరవు, విషం లేనివైనా సరే. తాబేళ్లు కుదరవు. విషమున్న సరీసృపాలు, విషమున్న పురుగులు అసలే కుదరవు. సాలీళ్లు ఏవైనా కుదరవు. తేళ్లకు మాత్రం చిన్న సందు ఉంది. వైద్య పరిశోధనకో, విషానికి విరుగుడు తయారీకో అయితే రెండు పొరల ప్యాకింగ్‌తో పంపొచ్చు. తాబేలు పిల్లల గురించి ఇంకో మాట. నాలుగంగుళాల కన్నా చిన్న చిప్ప ఉన్న తాబేళ్లను పెంపకానికి అమ్మడమే 1975 నుంచి అమెరికాలో నిషేధం. పిల్లలు వాటిని నోట్లో పెట్టుకుని సాల్మొనెల్లా అనే పేగుల జబ్బు తెచ్చుకుంటున్నారని ఆ నియమం పెట్టారు. పాములు పెంచేవాళ్లు ప్రైవేట్ కొరియర్లలో, ముందుగా ఆమోదం పొందిన షిప్పర్ల ద్వారా పంపుతారు. అది వేరే దారి, ఇక్కడ చెప్పడం లేదు.

పోస్టు ఒప్పుకున్నా చట్టం ఒప్పుకోవాలి

చాలామంది తడబడేది ఇక్కడే. తపాలా పుస్తకంలో "కప్పలు పంపొచ్చు" అని ఉంటే ఏ కప్పనైనా ఏ రాష్ట్రానికైనా పంపొచ్చని కాదు. రాష్ట్రానికో జాబితా ఉంటుంది. ఆక్సొలాటిల్ అనే నీటి సాలమాండర్‌ను కాలిఫోర్నియాలో పెంచడమే నేరం. ఆఫ్రికన్ క్లాడ్ ఫ్రాగ్ సంగతీ అక్కడ అంతే. హవాయికి పర్మిట్ లేకుండా ఏదీ పంపాలనుకోకండి. తనకు తానే పిల్లలు పెట్టేసే, రొయ్యలాంటి మార్బుల్డ్ క్రేఫిష్‌ను మిషిగన్, టెనెసీ లాంటి రాష్ట్రాలు నిషేధించాయి. ఆపిల్ నత్తల్లో ఒక్క మిస్టరీ స్నెయిల్ జాతి తప్ప మిగతావి రాష్ట్రం దాటాలంటే వ్యవసాయ శాఖ పర్మిట్ కావాలి, ఎందుకంటే అవి వరిచేలను తినేస్తాయి. సాలమాండర్లు పోస్టు జాబితాలో ఉన్నాయి గానీ, ఒక ఫంగస్ భయంతో 2016లో కేంద్ర వన్యప్రాణి శాఖ 20 ప్రజాతుల సాలమాండర్ల దిగుమతిని ఆపేసింది.

మనవాళ్లు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవలసింది కొరమీను. తెలంగాణ రాష్ట్ర చేప అది, పులుసు పెడితే ఇంకేం కావాలి! కానీ అమెరికాలో ఆ కుటుంబం మొత్తానికి స్నేక్‌హెడ్ అని చెడ్డపేరు. 2002లో మేరీలాండ్‌లోని క్రాఫ్టన్ అనే ఊరి చెరువులో ఎవరో వదిలిన స్నేక్‌హెడ్‌లు పిల్లలు పెట్టి బయటపడ్డాయి. ఊపిరి కోసం నీటి పైకొచ్చి గాలి పీల్చే చేప కదా, పక్క నదిలోకి పాకితే ఎలాగని చెరువులో మందు కొట్టి మొత్తం చంపేశారు. అదే ఏడాది ఆ కుటుంబమంతటినీ హానికర జాతుల జాబితాలో చేర్చి, బతికున్నవి దేశంలోకి తేవడాన్ని నిషేధించారు. చాలా రాష్ట్రాల్లో దగ్గర పెట్టుకోవడం కూడా నేరమే. మార్పు చేప (వాకింగ్ క్యాట్‌ఫిష్) కుటుంబానికీ అదే గతి. "ఊరి కొరమీను పిల్లలు ఉన్నాయి, పంపనా?" అని ఎవరైనా వాట్సాప్‌లో అడిగితే వద్దనండి. రాష్ట్ర చట్టానికి విరుద్ధమైనదాన్ని రాష్ట్రం దాటిస్తే 1900 నాటి లేసీ చట్టం కింద అది కేంద్ర నేరమవుతుంది.

మొక్కలు కూడా చూసుకోండి. 2021లో సియాటెల్‌లో అక్వేరియంలో వేసే నాచు ఉండల మీద జీబ్రా మసెల్స్ కనిపించాయి. చిన్న ఆల్చిప్పలవి, చెరువులనూ పైపులనూ ముంచేస్తాయి. చేపతో పాటు కవర్‌లో నాచు వేసేవాళ్లు ఒకసారి కడిగి, కళ్లు పెట్టి చూడాలి.

ఇండియాకి పంపొచ్చా అని బంధువులు అడుగుతూనే ఉంటారు. కుదరదు. అంతర్జాతీయ తపాలా ఒప్పందం బతికున్న జీవాల్లో తేనెటీగలు, జలగలు, పట్టుపురుగులను ఒప్పుకుంటుంది. వాటితో పాటు గుర్తింపు ఉన్న సంస్థలు ఒకదానికొకటి పంపుకునే కొన్ని రకాల కీటకాలను మాత్రమే. హిందూపురం పట్టుపురుగుకు ఆ పుస్తకంలో చోటుంది, నా గప్పీకి లేదు.

వెనక నుంచి లెక్క వేసుకోండి

పార్సిల్ సోమవారం గానీ మంగళవారం గానీ కౌంటర్ చేరాలి. గురువారం పంపితే ఆదివారం మధ్యలో పడుతుంది. సెలవులొచ్చే వారం అసలే వద్దు, థాంక్స్‌గివింగ్ వారం చేపలకూ మనకూ ఇద్దరికీ విశ్రాంతి. నా లెక్క ఇలా ఉంటుంది: శనివారం సాయంత్రం చివరి మేత. ఆదివారం ట్యాంకులో కొంత నీరు మార్చడం, పంపే చేపలను వేరే తొట్టిలోకి పట్టి ఉంచడం. సోమవారం పొద్దున ప్యాకింగ్, మధ్యాహ్నం పోస్టాఫీసు.

గప్పీలాంటి చిన్న చేపకు ఒక రోజు పస్తు చాలు. పెద్ద చేపలకు రెండు రోజులు. బల్లులకు రెండు మూడు రోజులు మేత ఆపాలి, పొట్టలో అరగని పురుగులుంటే చలికి అవి అక్కడే కుళ్లుతాయి. పేగులు ఖాళీ అయితేనే దారిలో మలం రాదు. మలం లేకపోతే అమోనియా పెద్దగా రాదు. పాపమనిపిస్తుంది గానీ, చేపను కాపాడేది ఆ పస్తే.

ఆ వారం వాతావరణం మీ ఊర్లోనూ అవతలి ఊర్లోనూ చూడండి. పెంపకందార్లు మామూలుగా పెట్టుకునే హద్దు ఇది: రాత్రి చలి 40 డిగ్రీల ఫారెన్‌హీట్ కన్నా దిగకూడదు, పగటి ఎండ 90 దాటకూడదు. దాటితే వారం ఆగడమే మేలు. కొనేవాళ్లు తొందరపెడతారు, పెట్టనివ్వండి.

చేప కవర్ కట్టడం

చిన్నప్పుడు బాబాయి దగ్గర చూసిన పద్ధతే ఇది. హేచరీలో సిలిండర్ పక్కన ఇద్దరు కూర్చుంటారు. ఒకరు కవర్‌లో నీళ్లూ పిల్లలూ పోస్తారు. ఇంకొకరు పైపు దూర్చి ఆక్సిజన్ నింపి, మెడ మెలిపెట్టి, రబ్బరుబ్యాండ్ టకటకా చుట్టి పక్కన పడేస్తారు. ఆ కవర్ దిండులా బిగుతుగా ఉంటుంది, వేలితో నొక్కితే వెనక్కి తన్నాలి. మీ కవర్ కూడా అలా ఉండాలి.

కవర్‌లో మూడో వంతు నీళ్లు, రెండొంతులు గాలి. కొత్తగా చేసేవాళ్లంతా దీన్ని తిరగేస్తారు. నీళ్లు ఎక్కువుంటే చేపకు సుఖమనుకుంటారు. చేపకు కావలసింది ఆక్సిజన్, అది నీళ్ల పైన ఉన్న గాలి నుంచి వస్తుంది. నీళ్లు ట్యాంకులోవే వాడండి. అడుగున ఉన్న మడ్డి నీళ్లు కాకుండా పైవి, తేటగా ఉన్నవి.

ఇంట్లో సిలిండర్ ఉండదు కదా. కవర్ నోరు తెరిచి గాలిలో ఒక్కసారి ఊపి, వెంటనే మెడ పట్టుకుంటే గాలి నిండిపోతుంది. నోటితో ఊదకండి. మన ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ. ఒక కవర్‌కి రెండు మూడు గప్పీలు చాలు. మగ బెట్టాలను విడివిడిగా పెట్టాలి, లేదంటే కొట్టుకు చస్తాయి. బెట్టా గాలి పీల్చే చేప, కవర్‌లో మామూలు గాలి సరిపోతుంది.

మెడను గట్టిగా మెలిపెట్టి, ఆ మెలికను మడిచి, రబ్బరుబ్యాండ్ రెండుసార్లు చుట్టండి. ఇప్పుడు ఈ కవర్‌ను తలకిందులు చేసి రెండో కవర్‌లో పెట్టి, దాని మెడ కూడా అలాగే కట్టండి. దీని వల్ల రెండు లాభాలు. మొదటిది కారినా రెండోది పట్టుకుంటుంది. ఇంకొకటి, కవర్ అడుగున రెండు మూలలు కోసుగా ఉంటాయి, చిన్న చేపలు అక్కడ ఇరుక్కుని నలిగిపోతాయి. తలకిందులు చేస్తే ఆ మూలలు పైకి, గాలి ఉన్న చోటికి వస్తాయి. నేను ఇంకా నమ్మకం లేక ఆ మూలలను టేపుతో మడిచి గుండ్రంగా చేస్తాను.

బ్రీతర్ బ్యాగులని వేరే రకం వస్తాయి. వాటి గోడల్లోంచే గాలి అటూ ఇటూ పోతుంది, కాబట్టి లోపల గాలి వదలకుండా నీళ్లు నిండా నింపి కడతారు. వాటిని మామూలు ప్లాస్టిక్ కవర్‌లో పెట్టారంటే చేపకు ఊపిరి ఆడదు. రెండో పొర కావాలంటే అది కూడా బ్రీతర్ బ్యాగే అయ్యుండాలి.

కట్టిన కవర్‌ను సింకులో ఒక అరగంట పక్కకు పడుకోబెట్టి ఉంచండి. కింద ఒక్క చుక్క తడి కనిపించినా విప్పి మళ్లీ కట్టండి.

కప్ప, బల్లి, నత్త, రొయ్య

వీటికి నీళ్లు పోసి పంపకండి. కప్పకు మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో తడిపి పిండిన నాచు గానీ టిష్యూ గానీ వేసి, మూతకు సన్నటి కంతలు పెట్టండి. కంతలు లోపలి నుంచి బయటికి పొడవాలి, లేదంటే ఆ గరుకు అంచులు కప్ప చర్మాన్ని గీరేస్తాయి. ఒక డబ్బాకి ఒకటే కప్ప. బల్లికి పొడి టిష్యూ నలిపి వేయండి, కదలకుండా పట్టుకోవడానికి ఆసరా ఉంటుంది. నత్తలను తడి టిష్యూలో చుట్టి, గాలి ఉన్న కవర్‌లో వేస్తే చాలు. అక్వేరియం రొయ్యలకు మాత్రం నీళ్లు కావాలి, వాటితో పాటు పట్టుకోవడానికి చిన్న వల ముక్క వేయండి. ఏమీ లేకపోతే దారి పొడుగునా ఈదుతూ అలసిపోతాయి.

పెట్టె

బయట గట్టి అట్టపెట్టె, లోపల ఆరు వైపులా ముప్పావు అంగుళం మందం థర్మోకోల్. హార్డ్‌వేర్ షాపులో ఫోమ్ బోర్డ్ కొని చాకుతో కోసుకోవచ్చు. దాని లోపల పెద్ద ప్లాస్టిక్ సంచి, అందులో కాగితపు తువ్వాళ్లు. కవర్ చిట్లితే నీళ్లు ఇక్కడే ఆగాలి, పక్కవాళ్ల పార్సిల్ మీదకు పోకూడదు. కవర్ల మధ్య నలిపిన న్యూస్‌పేపర్ కూరి, పెట్టెను ఊపి చూడండి. లోపల ఏదీ కదలకూడదు.

చలికాలంలో హీట్ ప్యాక్ పెడతారు. అందులో ఇనుప పొడి ఉంటుంది, గాలి తగిలి తుప్పు పడుతూ వేడిని ఇస్తుంది. గాలి లేకపోతే పని చేయదు, కాబట్టి థర్మోకోల్‌లో చిన్న కంత ఉండాలి. ప్యాకింగ్‌కి ఒక గంట ముందే తెరిచి ఉంచండి, వేడెక్కిందో లేదో చేత్తో పట్టి చూశాకే పెట్టండి. మూతకు లోపలి వైపు టేపుతో అంటించి, దానికీ చేపకూ మధ్య న్యూస్‌పేపర్ వేయండి. 40 గంటలవి, 72 గంటలవి దొరుకుతాయి. రెండు రోజుల ప్రయాణానికి నేను 72 గంటలదే వాడతాను. ఎండాకాలంలో జెల్ ఐస్ ముక్కను కాగితంలో చుట్టి పెట్టొచ్చు. డ్రై ఐస్ ఎప్పుడూ వద్దు. అది కరిగితే వచ్చేది కార్బన్ డయాక్సైడ్, లోపలివి ఊపిరాడక పోతాయి.

లేబుల్, కౌంటర్

లోపల ఏముందో దాచకండి. "లైవ్ ఫిష్" అని ఇంగ్లిష్‌లో పెద్దక్షరాలతో రాయండి, పైకి చూపే బాణం గుర్తులు రెండు వైపులా వేయండి. పెట్టె మీద పంపేవారి పేరు చిరునామా, అందుకునేవారి పేరు చిరునామా స్పష్టంగా ఉండాలి. లోపల ఏ జాతివి ఎన్ని ఉన్నాయో శాస్త్రీయ నామంతో చిన్న చీటీ జత చేయండి. వన్యప్రాణి నిబంధనలు రాష్ట్రం దాటే పార్సిళ్లకు ఇది అడుగుతాయి. పాత పెట్టె వాడితే దాని మీది పాత లేబుళ్లు, గుర్తులు కనపడకుండా చెరిపేయండి.

ప్రయారిటీ మెయిల్ మామూలుగా రెండు మూడు రోజుల్లో చేరుతుంది. ఎక్స్‌ప్రెస్ ఖరీదెక్కువ, కానీ బల్లికో, ఖరీదైన చేపకో అదే తీసుకోవాలి. పార్సిల్‌ను కౌంటర్‌లో చేతికివ్వండి. సాయంత్రం బండి ఎప్పుడు బయల్దేరుతుందో అడిగి, దానికి గంట ముందు వెళ్తే పెట్టె ఒకచోట పడి ఉండే సమయం తగ్గుతుంది. ద్రవాలు, పాడైపోయేవి ఉన్నాయా అని అడుగుతారు. ఉన్నాయనే చెప్పండి. కౌంటర్‌లో ఉన్నవారికి రోజూ చేపలు రావు కదా, సందేహిస్తే చూపించడానికి పబ్లికేషన్ 52లోని ఆ పేజీ ప్రింటు నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది. వాదన పెట్టుకోకుండా కాగితం చూపిస్తే టెన్షన్ ఉండదు.

అందుకునేవాళ్లు పగలు ఉద్యోగానికి పోతే పెట్టె ఎండలో గుమ్మం ముందు ఉంటుంది. అలాంటప్పుడు పోస్టాఫీసులోనే ఉంచి పిలిచే హోల్డ్ ఫర్ పికప్ పెట్టించండి.

అవతలివారికి ముందే చెప్పవలసింది

కవర్ తెరిచే పద్ధతి తెలియక చచ్చే చేపలు దారిలో చచ్చేవాటికన్నా తక్కువేం కాదని నా అనుమానం. మూసిన కవర్‌లో చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల నీటి పీహెచ్ తగ్గుతుంది, అంటే నీరు ఆమ్లం వైపు మొగ్గుతుంది. పీహెచ్ తక్కువున్నప్పుడు అమోనియా పెద్దగా హాని చేయని రూపంలో ఉంటుంది. మీరు మూతి విప్పగానే ఆ వాయువు ఎగిరిపోయి పీహెచ్ పెరుగుతుంది. పీహెచ్ ఒక అంకె పెరిగితే విషంగా మారే అమోనియా దాదాపు పదింతలవుతుంది. కాబట్టి కవర్ తెరిచి, గంటసేపు గ్లాసుతో కొత్త నీళ్లు కొంచెం కొంచెం పోస్తూ అలవాటు చేద్దామనుకుంటే చేప ఆ విషంలోనే ఉంటుంది.

ముందు కవర్ విప్పకుండా ట్యాంకు నీటిలో పావుగంట తేలనివ్వండి, వేడి సమమవుతుంది. తర్వాత విప్పి, వలలోకి ఒంపి, చేపను మాత్రం ట్యాంకులోకి వదలండి. కవర్ నీళ్లు మొక్కలకో సింకుకో పోయండి, ట్యాంకులో కలపకండి. ఆ రోజు లైటు ఆర్పేయండి, మేత మర్నాడే. రొయ్యలకైతే ఇలా చేయకూడదు, వాటికి నీటి మార్పు ఒక్కసారిగా పడదు. శుభ్రమైన గిన్నెలోకి మార్చి నెమ్మదిగా అలవాటు చేయాలి.

బీమా చేయిస్తే డబ్బు వస్తుందనుకోకండి. పార్సిల్ పోతే వేరు గానీ, తమ తప్పు లేకుండా చచ్చిన జంతువుకు తపాలా శాఖ పరిహారం ఇవ్వదు. ఆ నష్టం పంపేవాడే మోయాలి. అందుకే అమ్మేముందే మాట అనుకోవాలి. నేను పెట్టుకున్న షరతు ఇదీ: చచ్చిన చేప ఉంటే, కవర్ విప్పకుండా, రెండు గంటల్లోగా ఫొటో పంపాలి. ఫొటో వస్తే వాళ్ల డబ్బు వాళ్లకి పంపేస్తాను, లేదంటే వచ్చే సోమవారం ఇంకో కవర్ కడతాను.